గేటు బయటి తెల్లకోటు

నేను ఒక తెల్లకోటును. ఆ మాట వినగానే మీరు అరడుగు వెనక్కి జరిగారు, చూశాను. జరగండి, నాకేం కొత్త కాదు. ఎవరు తొడిగారో, ఏ రోగుల మధ్య తిరిగిందో, తొడిగిన మనిషి ఇంకా ఉన్నాడో లేదో అని మీ మనసులో మెదిలే ప్రశ్నలన్నీ నాకు కంఠతా వచ్చు. మీకు తెలియని సంగతి ఇంకొకటుంది. మీరు నన్ను ఎంత అనుమానంగా చూస్తారో నేనూ మిమ్మల్ని అంతే అనుమానంగా చూస్తాను. మీ చేతులు ఎక్కడెక్కడ తిరిగొచ్చాయో నాకు మాత్రం ఏం తెలుసు?

పుట్టుకతోనే నాకు ఈ గుణం అబ్బింది. హనుమకొండ చౌరస్తా దగ్గర నన్ను కుట్టిన యూసుఫ్ మాస్టరుకు బట్టను నమ్మే అలవాటు లేదు. ఉతికితే కుదించుకుపోతుందేమోనని ముందే నీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి, ఆ తర్వాతే కత్తెర పెట్టాడు. దారాన్నీ నమ్మడు, అందుకని ప్రతి కుట్టూ రెండుసార్లు వేశాడు. మందపాటి నూలు బట్ట, మోకాళ్ళ దాకా పొడవు, మూడు జేబులు. ఆయన చేతిలోంచి బయటపడేసరికి నేను చాలా గట్టిదాన్ని.

అసలు సంగతి చెబితే నవ్వుతారు. నేను ఏళ్ళ తరబడి ఆస్పత్రి గడపే తొక్కలేదు. నన్ను కుట్టించుకున్నది కేదారేశ్వర్ సారు. ఇంటర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాడు. ఆయన కూడా ఎవరినీ నమ్మని మనిషే. పిల్లలు పక్కవాళ్ళ పుస్తకంలోంచి లెక్క దించేస్తారని ఆయనకు అనుమానం, సీసా మీద రాసిన పేరు ఒకటి, లోపలున్న ద్రావణం ఇంకొకటేమోనని ఇంకో అనుమానం. ఆ రెండో అనుమానం ఒకసారి నిజమైంది. మంచినీళ్ళనుకుని ఒక పిల్లవాడు ఆసిడ్ సీసా తెచ్చాడు, అది ఒలికి నా ఎడమ చేతి మీద శనగగింజంత చిల్లు పడింది. చిల్లు అంచు ఇప్పటికీ గోధుమరంగులోనే ఉంది.

ఏటా కొత్త పిల్లలు చేరినప్పుడు సారు ఒక ప్రయోగం చేసేవాడు. పసుపు నీళ్ళలో ముంచి తీసిన గుడ్డ ముక్క ఒకటి పైకెత్తి పట్టుకుని, దాని మీద బట్టల సోడా కలిపిన నీళ్ళు చల్లేవాడు. గుడ్డ ఎర్రగా, అచ్చం నెత్తురులా మారిపోయేది. వెనక బెంచీల వాళ్ళు కూడా లేచి నిలబడేవాళ్ళు. ఆ తర్వాత నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపు.

"చూసిండ్రా? కంటికి కనవడ్డదల్లా నమ్మకుండ్రి. అది ఎందుకట్ల కనవడ్తున్నదో ముందుగాల అడుగుండ్రి," అనేవాడు.

నేను ఆయన ఒంటి మీద ఉండి ఆ మాట ప్రతి ఏడాదీ విన్నాను. ఇదిగో, ఈ సంగతి మీరు కూడా కాస్త గుర్తుంచుకోండి. తర్వాత నా ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఈ సంగతి తెలిసి కూడా చెప్పడానికి నాకు నోరు లేకపోయింది.

సారు రిటైరయ్యాడు. నేను ట్రంకుపెట్టెలోకి వెళ్ళాను. అక్కడి నుంచి ఒకరోజు సారు భార్య నన్ను బయటికి లాగి, రెండు పాత చీరలతో, మోకాలి దగ్గర పలచబడిన ప్యాంటుతో కలిపి అరుగు మీద పడేసింది. ఎదురుగా మల్లవ్వ కూర్చుని ఉంది. నెత్తిన గిన్నెల గంపతో వీధి వీధీ తిరిగి పాత బట్టలు తీసుకుని స్టీలు సామాను ఇచ్చే మనిషి. ఆ బేరం మీరు చూసే ఉంటారు. మల్లవ్వ నా కాలరు తిప్పి చూసింది, చంకల దగ్గర వేళ్ళు పెట్టి లాగింది, వెలుగుకు ఎత్తి పట్టుకుంది. ఈలోపు సారు భార్య మల్లవ్వ ఇచ్చే స్టీలు డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టి చూసింది, మూత తీసి పెట్టి చూసింది, అడుగున ముక్కు పెట్టి వాసన కూడా చూసింది. ఒకరి సొత్తును ఒకరు అంత అనుమానించాక ఇద్దరూ మోసపోయామనే మొహాలతో విడిపోయారు. సారు పక్కనే పేపరు చదువుకుంటున్నాడు. తల ఎత్తలేదు. అది మాత్రం నాకు చాలా బాధ కలిగించింది.

మల్లవ్వ మూటలో నేను ఎక్కువ రోజులు ఉండాల్సింది కాదు. కానీ సరిగ్గా అప్పుడే కరోనా వచ్చి పడింది. వీధుల్లో ఆమె కేక వినపడగానే కిటికీలు మూసుకునేవి. ఆమె బట్టలంటే జనానికి భయం, జనం ఇచ్చే బట్టలంటే ఆమెకు భయం. రెండో విడత రోగం ముదిరిన ఎండాకాలంలో, ఇక చేసేది లేక మూట మొత్తం మండిబజార్ ఫుట్‌పాత్ మీద పాత బట్టలు అమ్మే జానీకి ఇచ్చేసింది.

లాక్‌డౌన్ కదా, పొద్దున పూట కాసేపే దుకాణాలు తెరవనిచ్చేవాళ్ళు. జానీ రెండు స్తంభాల మధ్య తాడు కట్టి మమ్మల్ని వేలాడదీసేవాడు. ముందు సున్నంతో గుండ్రాలు గీశాడు, కొనేవాళ్ళు ఆ గుండ్రాల్లోంచి కదలకూడదు. ముట్టుకోవడం లేదు, తొడిగి చూడటం అసలే లేదు. నచ్చినది వేలుపెట్టి చూపిస్తే అతను కర్ర కొక్కెంతో దించి, అటూ ఇటూ తిప్పి చూపించేవాడు. చొక్కాలూ ప్యాంట్లూ ఒకటొకటిగా వెళ్ళిపోయాయి. నన్ను చూసిన వాళ్ళు మాత్రం పక్క గుండ్రంలోకి గెంతేవాళ్ళు.

"దవఖానది కాదమ్మా, కాలేజీది, మా అమ్మ మీద ఒట్టు," అనేవాడు జానీ. అది నిజమని అతనికీ తెలియదు. నోటికొచ్చింది అనేవాడు, కాకతాళీయంగా నిజమైంది.

అలాంటి ఒక పొద్దున రవళి వచ్చి గుండ్రంలో నిలబడింది. రెండు మాస్కులు పెట్టుకుంది, చేతిలో తన పాత కుర్తా ఒకటి తెచ్చుకుంది. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివిన పిల్ల. బస్తీలో కొత్తగా పెట్టిన కరోనా పరీక్షల కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి, తెల్లకోటు ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి, కోటు లేకపోతే చేర్చుకోమని ముందే చెప్పారు. బట్టల షాపుల్లో తెల్లకోటన్నది మిగల్లేదు, టైలర్లు మిషన్లకు గుడ్డ కప్పి ఊళ్ళకు పోయారు. తల్లి ఓదెమ్మ పిండి రుబ్బే టిఫిన్ సెంటరు మూతపడింది. ఈ ఉద్యోగం పోతే తల్లీకూతుళ్ళకు ఇంకో దారి లేదు. ఇవన్నీ ఆమె ఫోన్లో తల్లితో మాట్లాడుతుంటే విన్నాను.

రవళి అనుమానించిన తీరు నాకు నచ్చింది. మిగతావాళ్ళు దూరం నుంచే అనుమానించి వెళ్ళిపోయేవాళ్ళు. ఈమె దగ్గరికి తెప్పించుకుని అనుమానించింది. నన్ను ప్లాస్టిక్ కవరు మీద పరచమని చెప్పి, పైన తన కుర్తా పరిచి భుజాలు కొలుచుకుంది. చేతులకు కవర్లు తొడుక్కుని జేబులు ఒకటొకటిగా బయటికి లాగింది. మూడో జేబులోంచి అరిగిపోయిన చాక్‌పీసు ముక్క కింద పడింది.

ఆమె కాసేపు దాన్నే చూసింది. "డాక్టర్ జేబుల చాక్‌పీసు ఎందుకుంటది భయ్యా?" అంది.

"నేను చెప్తనే ఉన్న గదమ్మా!" అన్నాడు జానీ, అందరికంటే ఎక్కువగా తనే ఆశ్చర్యపోయి.

చాక్‌పీసును నా జేబులోనే తిరిగి వేసి, నన్ను కవర్లో మూతి బిగించి ఇంటికి తీసుకెళ్ళింది.

ఇల్లంటే ఒక్క గది. పై అంతస్తులో ఇంటి ఓనరు అహల్యమ్మ కొడుకూ కోడలితో ఉంటుంది. ఆమె రోజంతా బాల్కనీలో కూర్చుని గేటు వైపు చూస్తూ ఉండేది. పాలవాణ్ణి గేటు బయటే ఆపి పాకెట్లను సబ్బుతో కడిగించేది. ఆమెకు పట్టుబడకుండా ఆ గేట్లోకి ఈగ కూడా వచ్చేది కాదు. నన్ను రవళి మెట్ల కింద కొక్కేనికి తగిలించింది.

ఓదెమ్మ కవర్లో ఉన్న నన్ను చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. "గిదేంది బిడ్డా, దవఖాన కోటు దెచ్చినవ్! ఎవలు తొడిగిన్రో, తొడిగినోళ్ళు ఉన్నరో పోయిన్రో!"

"అది కాలేజీదే అమ్మా. అయినా నేనేమన్న ఇప్పుడే తొడుగుతున్ననా? రెండు దినాలు గట్లనే ఉండనీ. తర్వాత సబ్బునీళ్ళల్ల ఉతికి ఎండకేస్త. నువ్వు మాత్రం ముట్టకు."

ముట్టవద్దని చెప్తే ముట్టకుండా ఉండే తల్లిని నేను ఇంతవరకూ చూడలేదు. ముక్కులోంచి నమూనా ఎలా తీయాలో నేర్పుతారంటే రవళి ఆదివారం పొద్దున కేంద్రానికి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ, వచ్చాక కోటు ఉతుకుతానంది. గేటు చప్పుడు ఆగగానే ఓదెమ్మ నన్ను కర్రతో దించింది. ఆమెను నేను తప్పు పట్టను. కూతురు తొడిగే బట్ట, అందులో ఏ పీడ దాక్కుందోనని ఆమె భయం. వాళ్ళ ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోసినప్పుడు ఏం చేసేవాళ్ళో అదే చేసింది. బకెట్లో దోసెడు పసుపు వేసి, వేపరెమ్మలు తుంచి వేసి, నన్ను అందులో ముంచింది. నేను నిలువెల్లా పచ్చబడ్డాను.

పైనుంచి అహల్యమ్మ చూస్తూనే ఉంది. "ఓ ఓదెమ్మా! ఉత్త పసుపుకు పోదది. బట్టల సోడా ఏసి సలసల కాగబెట్టు. నా ఇంట్ల ఉంటున్నవ్, యాదుంచుకో!"

ఆగండి అని అరవాలనిపించింది. అరవడానికి నోరేదీ? ఓదెమ్మ ఇటు తన నమ్మకాన్నీ వదల్లేదు, అటు ఓనరు మాటనూ కాదనలేదు. పొయ్యి మీద నీళ్ళు కాగబెట్టి, గుప్పెడు సోడా వేసి, నన్ను పసుపుతో సహా అందులో తోసేసింది. కర్రతో ఒక్కసారి తిప్పిందో లేదో, నీళ్ళు ఎర్రబడ్డాయి. నేను ఎర్రబడ్డాను. ఓదెమ్మ కర్రతో నన్ను పైకెత్తింది. నా రెండు చేతుల్లోంచి ఎర్రటి నీళ్ళు ధారలుగా కారుతున్నాయి.

ఓదెమ్మ పెట్టిన కేకకు వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి.

"నెత్తురు!" అంది బాల్కనీలోంచి అహల్యమ్మ. "సచ్చినోళ్ళ నెత్తురు! నేను ముందే అనుకున్న!"

ఇక చూడాలి. మాస్కులు ముక్కుల మీదికి వెళ్ళాయి, కొంగులు మాస్కుల మీదికి వెళ్ళాయి. అంత నెత్తురు ఇన్ని రోజులు తెల్లకోటులో తెల్లగా ఎలా దాక్కుందని ఒక్కరూ అడగలేదు. ఒకాయన మున్సిపాలిటీకి ఫోన్ చేయమన్నాడు. ఎదురింటావిడ తన గుమ్మంలో అప్పుడే ఫినాయిలు చల్లడం మొదలుపెట్టింది. అహల్యమ్మ మాత్రం నేరుగా తీర్పు చెప్పేసింది. కోటును ఇప్పుడే తగలబెట్టాలి, తల్లీకూతుళ్ళు రేపటికల్లా గది ఖాళీ చేయాలి. ఓదెమ్మ నన్ను నేల మీద పడేసి కూలబడింది. కోటు తగలబెడితే కూతురి ఉద్యోగం ఉండదు, తగలబెట్టకపోతే గది ఉండదు. లాక్‌డౌన్‌లో కొత్త గది ఎవరిస్తారు? ఏడుస్తూనే అగ్గిపెట్టె కోసం లోపలికి వెళ్ళింది. నేను చాలా భయపడ్డాను. చిల్లు పడిన రోజే నాకు ఆసిడ్ అంటే ఏమిటో తెలిసింది, నిప్పు ఇంకా పెద్దదని విన్నాను.

ఓదెమ్మ పుల్ల గీసేలోపు గేటు తీసుకుని రవళి వచ్చింది. గుంపును చూసింది, తల్లిని చూసింది, నన్ను చూసింది. వంగి నీళ్ళలోకి చూసి, "పసుపేసినవా అమ్మా?" అని అడిగింది. తర్వాత, "సోడా గూడ ఏసినవా?" అంది. ఓదెమ్మ తల ఊపింది.

రవళి లోపలికి వెళ్ళి చారు కోసం నానబెట్టిన చింతపండు గిన్నె తెచ్చింది. అందరూ చూస్తుండగా ఆ పులుసు నా కుడి చేతి మీద పోసింది. పోసిన చోటల్లా ఎరుపు పోయి పసుపు వచ్చింది. నాకు మాత్రం కేదారేశ్వర్ సారు తరగతి గది ఒక్కసారి కళ్ళ ముందు కదిలింది.

"గిదేదో మాయ జేస్తున్నవ్," అంది అహల్యమ్మ.

"మాయ గాదు ఆంటీ. పసుపుకు సోడా తగిల్తే ఎర్రగైతది, పులుపు తగిల్తే మళ్ళ పచ్చగైతది. ఇది కాలేజీ కోటు. జేబుల చాక్‌పీసు గూడ ఉండె, చూడుండ్రి." నానిన చాక్‌పీసు ముద్దను తీసి చూపించింది.

"అది నువ్వే పెట్టినవేమో."

రవళి మొహం ఎర్రబడింది, అది సోడా వల్ల కాదు. "సరే ఆంటీ. మీరు శుక్రవారం శుక్రవారం మీ కొడుకుకు దిష్టి తీసి ఎర్రనీళ్ళు గేటు ముంగట పారపోస్తరు గదా. ఆ నీళ్ళు ఎట్ల జేస్తరు?"

పసుపులో సున్నం కలిపితే నీళ్ళు ఎర్రబడతాయని ఆ వీధిలో ప్రతి ఆడమనిషికీ తెలుసు. మొన్న శుక్రవారం నాటి మరక గేటు ముందు ఇంకా ఉంది కూడా. ఎదురింటావిడ ఫినాయిలు సీసా మెల్లగా వెనక్కి దాచుకుంది.

"అది దేవునిది," అంది చివరికి అహల్యమ్మ. "ఇది వేరు."

మనుషుల దగ్గర నాకు బాగా నచ్చేది ఇదే. అనుమానం తప్పని తేలితే వదిలేయరు, ఇంకో చోటికి జరుపుతారు. ఆమె గది ఖాళీ చేయమనడం మానుకుంది, నా మీద మాత్రం షరతు పెట్టింది. ఈ కోటు ఇక గేటు లోపలికి రాకూడదు. రాత్రయినా, వానయినా గేటు బయటే ఉండాలి. రవళి ఒప్పుకుంది, ఒప్పుకోక ఏం చేస్తుంది? చింతపండు పులుసులో ఒకసారి, మంచినీళ్ళలో నాలుగైదు సార్లు జాడించి, ప్రహరీ గోడకు బయటి వైపు మేకు కొట్టి నన్ను తగిలించింది. సోమవారం పొద్దున పసుపుపచ్చ కోటుతోనే ఉద్యోగంలో చేరింది. అక్కడి ఆఫీసరు నన్ను పైనుంచి కిందికి చూసి ఏదో అనబోయి, వెనక వంద మంది వరుసలో నిలబడి ఉండటం చూసి ఊరుకున్నాడు.

అప్పటి నుంచి పగలు పరీక్షల టెంటు కింద, రాత్రి గేటు బయట. రవళి సాయంత్రం నన్ను వీధి కుళాయి దగ్గర సబ్బుతో ఉతికి మేకుకు తగిలించి లోపలికి వెళ్ళేది. జనం నన్ను తప్పించుకుని వీధికి ఆ పక్కన నడిచేవాళ్ళు. కుక్కలు కూడా నా కింద పడుకోలేదు. ఒక్క దొంగ కూడా కన్నెత్తి చూడలేదు. ఎండకు నా పసుపు రోజురోజుకీ తగ్గుతూ వచ్చింది, నా కోపం మాత్రం తగ్గలేదు. ఇంతమంది ముక్కుల్లో పుల్ల పెట్టి రోగం ఉందో లేదో చెప్పే పిల్ల కోటుకు, సొంత గేటు దాటే అర్హత లేకపోయింది.

ఒకరోజు టెంటు కింద కుర్చీలో ఒక పెద్దావిడ వచ్చి కూర్చుంది. మొహం మాస్కులో, మాస్కు కొంగులో దాక్కుని ఉన్నాయి. ఒళ్ళు కాలిపోతోందని ఆమె మోకాలు నాకు తగిలినప్పుడే తెలిసింది. ముఖానికి పెట్టుకున్న ప్లాస్టిక్ అద్దం వెనక రవళిని ఆమె పోల్చుకోలేదు. నన్ను పోల్చుకుంది. ముందు భాగానికి ప్లాస్టిక్ ఏప్రన్ కట్టినా చేతులు నావే కదా. పాలిపోయిన పసుపునూ, ఎడమ చేతి చిల్లునూ చూసి ఆమె కళ్ళు అక్కడే ఆగిపోయాయి.

అహల్యమ్మ లేవబోయింది. "వేరే వాళ్ళు తియ్యరా?" అని అడిగింది.

"ఇయ్యాల నేనొక్కదాన్నే ఆంటీ," అంది రవళి. "నెత్తి ఎనుకకు పెట్టుండ్రి. ఒక్క నిమిషమే."

పుల్ల ముక్కులోకి వెళ్ళినప్పుడు మనుషులు ఏది దొరికితే అది పట్టుకుంటారు. కుర్చీ చెయ్యి, పక్కవాళ్ళ భుజం, దేవుడి పేరు. అహల్యమ్మ చెయ్యి గాలిలో తడుముకుని నన్ను పట్టుకుంది. ఎడమ చేతిని, సరిగ్గా చిల్లు ఉన్న చోట. ఆమె వేలు అందులోకి దూరింది. పుల్ల బయటికి వచ్చాక కూడా వదల్లేదు. వరుసలో వెనకవాళ్ళు విసుక్కున్నారు, రవళి మాత్రం కదలకుండా అలాగే నిలబడింది.

ఆమెకు రోగం ఉందని తేలింది. బాల్కనీ ఖాళీ అయింది, వెనక గది తలుపు మూసుకుంది. మర్నాడు కోడలు చేతులకు కవర్లు తొడుక్కుని, ఒక కర్ర కొసకు అహల్యమ్మ నేత చీర తగిలించుకుని గేటు బయటికి వచ్చింది. అత్త దగ్గర నేర్చుకున్న పద్ధతే కదా. ఇంకెక్కడా చోటు లేనట్టు దాన్ని తెచ్చి నా మేకుకే వేసింది, తర్వాత రోజూ ఉతికి అక్కడే ఆరేసింది. మొదట నాకు సంతోషం కలిగింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. వీధికి ఆ పక్కన నడిచేవాళ్ళు ఇప్పుడు ఆ చీరను కూడా చూసి అడుగు వేగం పెంచేవాళ్ళు. కానీ ఆ చీర తడి కొంగు గాలికి ఎగిరి నా మీద పడుతూనే ఉండేది, రోజూ పక్కపక్కనే ఆరుతున్నాక ఇంకేం కోపం నిలుస్తుంది?

ఓదెమ్మ రోజూ జావ కాచి వెనక గది కిటికీ దగ్గర పెట్టేది. మొదటి రోజు లోపలి నుంచి సన్నటి గొంతు వినిపించింది. "ఏం నీళ్ళతోని కాచినవే?"

"మీ నల్ల తిప్పి పట్టిన నీళ్ళతోనే," అంది ఓదెమ్మ. కాసేపటికి గ్లాసు ఖాళీ అయింది. రెండో రోజు ఆ ప్రశ్న రాలేదు.

మళ్ళీ పరీక్ష చేసి రోగం పోయిందని చెప్పిన మధ్యాహ్నం అహల్యమ్మ గోడ పట్టుకుని గేటు బయటికి వచ్చింది. సగమైపోయింది మనిషి. ఆ రోజు రవళికి సెలవు, నేను మేకుకే ఉన్నాను. ఎదురింటావిడ గుమ్మంలోంచి చూస్తోంది. అహల్యమ్మ తన చీర తీసుకుని చేతి మీద మడతపెట్టుకుంది. లోపలికి తిరిగింది, రెండడుగులు వేసింది, ఆగింది. వెనక్కి వచ్చి నన్ను కూడా తీసింది. కర్రతో కాదు. కొంగు అడ్డం పెట్టుకుని కూడా కాదు. చీర మీద నన్ను వేసుకుని గేటు దాటింది.

ఓదెమ్మ వాళ్ళ గుమ్మంలో కుర్చీ మీద నన్ను పెట్టి, మెట్లెక్కి వెళ్ళిపోయింది.

నాకు మనుషుల సంగతి తెలుసు. పైకి వెళ్ళగానే సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కుంటుందని అనుకున్నాను. కుళాయి చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని విన్నాను. చాలాసేపు విన్నాను. రాలేదు.